గళ్ళముగ్గు

నమోదు 1. సోమవారం

మూడో పంపు నడుస్తోంది. ఒత్తిడి సరిగ్గానే ఉంది. పైవాళ్ళకు కావలసింది ఈ రెండు ముక్కలే. వాటి కింద నేనేం రాసినా చదివే నాథుడు లేడు కనుక, ఇకనుంచి నా కడుపులో ఉన్నది కూడా ఇక్కడే కక్కుతాను.

నా పేరు ఓబులమ్మ. అద్దాలగడ్డలో నీడవాడ మనిషిని. పైన వేల అద్దాలు ఎండను పట్టి బురుజు మీదికి విసురుతుంటాయి. ఆ వేడితో పుట్టిన కరెంటు ఎక్కడెక్కడికో పోతుంది. అద్దాలను తిప్పేవాళ్ళు, వాళ్ళను ఏలేవాళ్ళు పైవీధిలో ఉంటారు. అద్దాలు కడగడానికి నీళ్ళు తోడిపోసే మేము నేల కింద ఉంటాం. ఎవరు పైన, ఎవరు కింద అన్నది పదహారో ఏట ఒక గిన్నెలో ఉమ్మితే తేలిపోతుంది. ముసలితనంలో నడిచూపు, అంటే ఎదుట నడుమ ఉన్నది కనిపించే చూపు, పోయే జబ్బు తాలూకు మచ్చ తల్లి నుంచీ తండ్రి నుంచీ జన్యువుల్లోకి వచ్చి ఉంటే నీడకు పంపుతారు, లేకపోతే ఎండలో ఉంచుతారు.

ఈ రోజు తెల్లవారగానే ఎప్పటిలాగే పైవీధికి గొట్టం లాక్కెళ్ళి వాకిళ్ళు తడిపాను. పైనైనా కిందైనా మా ఊళ్ళో ప్రతి ఇంటి పెద్దా, ఆడైనా మగైనా, పొద్దున్నే తన చేత్తో గళ్ళముగ్గు వేయాలి. నిలువు గీతలు, అడ్డగీతలు, నడుమ ఒక చుక్క. నడిచూపు చెడుతున్నవాడికి తిన్నని గీత వంకరగా, వంకర గీత తిన్నగా కనిపిస్తుంది. అందుకే వాడు ఎంత జాగ్రత్తగా వేసినా ముగ్గు నడుమ గీతలు మెలి తిరుగుతాయి. దారిన పోయే ప్రతివాడూ ఆ ముగ్గు చూస్తాడు, చూసినవాడు చెప్పి తీరాలి. వంకర బయటపడితే పైవాడికైనా పదవి పోతుంది, మచ్చ తేలితే కిందికి దిగాలి. ఇది చట్టం.

నీళ్ళు చల్లడం అయ్యాక గొట్టం చుట్టుకుంటూ తిరిగి వస్తున్నప్పుడు ఊరిని ఏలే గడ్డపెద్ద శేషగిరప్ప వాకిట్లో ముగ్గు చూశాను. ఆయన ముగ్గు నాకు బాగా తెలుసు. లావుపాటి గీతలు, చివర్లో చేయి వణికి చిమ్మిన పిండి. ఈ రోజు గీతలు ఎంత తిన్నగా ఉన్నాయంటే నాకు అనుమానం వచ్చి వంగి చూశాను. ప్రతి గీత పక్కనా తడి మట్టిలో సన్నటి దారపు గాటు. మేస్త్రీలు గోడకు నూలు కట్టినట్టు దారం బిగించి, చేత్తో తడుముకుంటూ పిండి పోశాడు పెద్దమనిషి.

దారం ఎవరికి కావాలి? గీత కనబడనివాడికి. నా బతుకులో ఇంత తీపి ఉదయం ఇంకొకటి లేదు.

నమోదు 2. మంగళవారం

మూడో పంపు నడుస్తోంది. రెండో పంపు వాషర్ మార్చాలని చెప్పి నెల దాటింది, వినేవాడు లేడు.

నిన్న నేను ఎందుకంత సంబరపడ్డానో రాయాలి. శేషగిరప్పదీ నాదీ ఒకటే ఈడు. మా అమ్మ వాళ్ళింట్లో వంటమనిషి. వాళ్ళ నాన్న అప్పటి గడ్డపెద్ద. ఇద్దరం ఒకే రోజు ఉమ్మి పరీక్షకు పోయాం. నాకు అద్దాలెక్కాలని పిచ్చి కోరిక. ఎక్కగలనని కూడా తెలుసు, ఎందుకంటే మా ఇంట్లో తొంభై దాటిన ముసలమ్మలు కూడా సూదిలో దారం ఎక్కించేవాళ్ళు. తీరా చూస్తే మెషిను రెండు గిన్నెల్లోనూ ఉన్నది ఒకే మనిషి ఉమ్మి అంది. మచ్చ లేని ఉమ్మి. గడ్డపెద్ద కొడుకు దొంగతనం చేస్తాడా? వంటమనిషి కూతురు చేస్తుంది. "మచ్చ దాచుకోవడానికి మా వాడి ఉమ్మి దొంగిలించింది" అని ఆ పెద్దాయన సభలో చెప్పాడు. నాకు ఇంకొకసారి పరీక్ష కూడా పెట్టలేదు. ఎంగిలిదొంగ అని పేరు పెట్టి కిందికి తోశారు. ఇప్పటికీ పైవీధి పిల్లలు నన్ను ఆ పేరుతోనే పిలుస్తారు.

కింద నన్ను చేసుకున్నవాడు లింగప్ప. మంచివాడు, నా కోపానికి సరిపడేంత మెత్తనివాడు. వాడికి మచ్చ నిజంగానే ఉంది. ఎడమకన్ను నడుమ ఎప్పుడో నల్లబడిపోయింది. ఇప్పుడు కుడికంటికి వచ్చింది. నిన్న వాడు వేసిన ముగ్గులో నడిమి గళ్ళు మూతి ముడుచుకున్నాయి. ఈ జబ్బు ముదరకుండా ఆపే కంటి సూది ఒకటుంది, నెలకొకసారి వేయించుకోవాలి. అది పైవాళ్ళకే. "ముందే తెలిసిన గుడ్డితనానికి మందు పోయడం దండగ" అని సభలో అన్నది ఎవరనుకున్నారు? శేషగిరప్పే. ఆ మాట మీదే చట్టం రాశారు.

లింగప్ప కుడికన్ను పోతే వాడికి నా ముఖం కనిపించదు. నా చెవులూ నా జడా మాత్రమే కనిపిస్తాయి. ఆ మాట తలచుకుంటే ఈ పంపు గదిని ముంచేయాలనిపిస్తుంది.

నమోదు 3. శుక్రవారం

అన్ని పంపులూ నడుస్తున్నాయి.

కొత్త కంటి డాక్టరమ్మ పర్వీన్ కిందికి వచ్చింది. ఎంతమందికి చూపు మిగిలిందో లెక్క రాయమని పైనుంచి పంపారట. చిన్న వయసు, మెత్తటి చెప్పులు, కింద తేమకు జారుతూ నడుస్తుంది. ఆమె సంచిలో ఉమ్మి పరీక్ష చేసే పెట్టె ఉంది. నన్ను ఉమ్మమంది.

"ఒకసారి ఉమ్మినందుకే ఈడుండా. ఇంగ ఉమ్మేదాన్ని గాదు" అన్నాను.

"నాకోసం ఉమ్మండి పెద్దమ్మా. ఎవరికీ చెప్పను."

ఉమ్మాను. పెట్టె కాసేపు గుర్రుమంది. పర్వీన్ నా ముఖం వంక చూసి, పెట్టె వంక చూసి, "మీకు మచ్చే లేదు. మీరు కింద ఎందుకున్నారు?" అంది. నేను నా ఎంగిలి కథ మొత్తం చెప్పాను. 

ఆమె పెట్టె మూసింది. తరవాత అడిగింది, "చిన్నప్పుడు ఆయనకు పెద్ద జబ్బేమైనా చేసిందా? రక్తానికి సంబంధించింది?"

చేసింది. ఆరేళ్ళప్పుడు శేషగిరప్ప, అప్పటి మా శేషూ, ఎండిపోయిన పుల్లలా ఉండేవాడు. ఆ ఏడే ఊళ్ళో పిల్లలందరి వేళ్ళకూ సూది గుచ్చి రక్తం తీశారు. ఆ తరవాత నన్ను ఒక్కదాన్నే ఆసుపత్రిలో పడుకోబెట్టారు. జ్వరమని చెప్పారు. జ్వరానికి నడుము వెనక ఎందుకంత నొప్పో అప్పుడు నాకు తెలియలేదు. ఆ ఏడే మా అమ్మకు పైవీధిలో గది ఇచ్చారు.

పర్వీన్ నా చీర నడుము దగ్గర కాస్త జరిపి, వెనక లాంతరు పట్టి చూసింది. తుంటి ఎముకల మీద అటొకటి ఇటొకటి చిన్న గుంటలు ఉన్నాయట. నాకు కనిపించే చోటు కాదు, లింగప్ప ఎప్పుడూ అడగలేదు.

"మీ ఎముకల్లోంచి మూలుగ తీసి ఆయనకు ఎక్కించారు పెద్దమ్మా. అప్పటినుంచి ఆయన ఒంట్లో పుట్టే రక్తం మీ రక్తమే. ఉమ్మిలో ఎక్కువగా ఉండేవి రక్తకణాలే. అందుకే ఆయన నోట్లో మీ జన్యువులు దొరికాయి. ఆయన కళ్ళు, తల వెంట్రుకలు మాత్రం ఆయనవే. ఆయన మచ్చ ఆయనతోనే ఉంది."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. నేను దొంగిలించలేదు. దొంగిలించింది వాళ్ళు.

"ఇంకో మాట. రెండు గిన్నెల్లోనూ ఉన్నది ఆడపిల్ల ఉమ్మి. మెషిను ఆ సంగతి చెప్పకుండా ఉండదు. పరీక్ష చూసినవాళ్ళకు అప్పుడే తెలిసి ఉంటుంది" అందామె.

"ఆయప్పకి ఇప్పుడు కండ్లు పోతాండాయి గదా?" అని అడిగాను.

పర్వీన్ లేచింది. సంచి సర్దుకుంది. ఆ సర్దుకోవడమే చాలు నాకు.

నమోదు 4. ఆదివారం

పంపుల సంగతి తరవాత.

ఈ రోజు వాకిళ్ళు తడిపి శేషగిరప్ప అరుగు దగ్గర ఆగాను. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. "ఎవరూ?" అన్నాడు నా చెవి వంక చూస్తూ. నా మగడు కూడా అలాగే చూస్తాడు. నడుమ కనబడనివాడు ముఖం చూడాలంటే పక్కకు చూడాలి.

"ఓబులమ్మని, అయ్యా."

"ఏం కావల్ల?"

"నా మూలుగ." 

గ్లాసు కింద పెట్టాడు. అరుగు అంచు తెలియక సగం గాలిలో పెట్టాడు, పడి దొర్లింది. లోపలినుంచి ఎవరో వస్తుంటే చేత్తో వద్దన్నాడు.

"నీకెవరు చెప్పినారు?"

"నీకెవరు చెప్పినారో అది చెప్పు శేషూ." అయ్యా అనే మాట ఇక నా నోట్లోంచి రాలేదు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"మా నాయన పోయేముందు చెప్పినాడు. అప్పటికే నీకి పెండ్లయి కింద కాపురం పెట్టినావు. ఇంగ తవ్వి ఏం లాభమనుకొన్న్యా."

"లాభం నీకి రాకుండా పోతుందని అనుకొన్న్యావు."

ఆయన తల దించుకుంటాడేమో అని చూశాను. దించుకోలేదు. బేరం మొదలుపెట్టాడు. ఇప్పుడిప్పుడే గీతలు వంకర పోతున్నాయట, ఈ నెలలోనే సూదులు మొదలుపెడితే కళ్ళు నిలబడతాయట. డాక్టరమ్మ చేత గుట్టుగా వేయించుకుంటాడట. ఊరంతా చూసే అద్దాల పండగ దాటేదాకా నేను నోరు మూసుకుంటే, తన పేరు మీద వచ్చే సూదుల్లో సగం లింగప్ప కుడికంటికి.

"నీ మొగుని కన్ను నిలబడ్తాది ఓబులా. ఆలోసించుకో. సచ్చిపోయిన సంగతులు లేపితే ఎవురికి కన్నొస్తాది?"

ఓబులా. చిన్నప్పుడు వాళ్ళ వంటింటి వెనక కలిసి రేగిపళ్ళు తిన్నప్పటి పిలుపు. ఆ పిలుపుతో నన్ను కొనాలనుకున్నాడు. ఆలోచించుకుంటానని చెప్పి గొట్టం చుట్టుకుని వచ్చేశాను. దారిలో గొట్టం మూడుసార్లు జారింది.

నమోదు 5. సోమవారం

మూడో పంపు ఆగి మళ్ళీ నడిచింది.

లింగప్పకు అంతా చెప్పాను. వాడు గోడకు ఆనుకుని విన్నాడు. వాడి కోపం చూడాలని ఎదురుచూశాను. వాడు నన్ను కాస్త పక్కకు తిరిగి చూస్తూ అడిగిన మొదటి మాట ఇది.

"సూది ఎప్పుడు ఏస్తారంట మే?"

నాకు ఒళ్ళు మండింది. "అంతేనా? నన్ను దొంగని చేసినారని చెప్తాంటే నీకి సూది గావల్లనా?"

"కావల్ల. అబద్ధం ఏంటికి చెప్పల్ల? నాకి సూడాలనుండాది. నీ మొగం సూడాలనుండాది. నువ్వు దొంగవి గాదని నాకి ముప్పై ఏండ్లుగా తెలుసు. అది కొత్తగా తెలుసుకొనేదేం లేదు నాకి."

ఆ మాటకు నేను ఏడ్చి ఉండాల్సింది. ఏడవలేదు, పాత్రలు తోముతూ కూర్చున్నాను. వాడిది న్యాయమే. వాడి కన్ను వాడిది. నేను నోరు మూసుకుంటే వాడికి చూపు ఉంటుంది. తెరిస్తే శేషూ చట్టమే శేషూని మింగుతుంది, ఆ మింగడంలో లింగప్ప సూది కూడా పోతుంది.

ఊరందరి మేలు కోసం నోరు తెరుస్తున్నానని రాస్తే బాగుంటుంది. కానీ ఇది నా నమోదు పుస్తకం. శేషూ అందరి ముందూ పడిపోవడం నాకు చూడాలని ఉంది. ఆ ఆశ ముందు నా మగడి కన్ను కూడా రెండోది అయిపోయింది, దాన్ని నేను కడుక్కోలేను.

నమోదు 6. అద్దాల పండగ

పంపులన్నీ నడిచాయి. నేనే నడిపాను. ఒక దాన్ని మరీ ఎక్కువగా నడిపాను.

పండగనాడు బురుజు కింద గడ్డపెద్ద అందరి ఎదుటా పెద్ద గళ్ళముగ్గు వేయాలి. అక్కడ దారం బిగించలేడు కదా. అందుకని ఈసారి ఇత్తడి ముగ్గుగొట్టం చేయించాడు. గొట్టానికి గళ్ళగళ్ళుగా బెజ్జాలు, లోపల పిండి. దొర్లించుకుంటూ పోతే చూపు లేకపోయినా గీతలు తిన్నగా పడతాయి. పండగకు వేడుకగా ఉంటుందని పైవీధి వాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు.

ముగ్గుకు ముందు నేల తడపాలి. తడిపేది నేను. మామూలుగా పైపైన చల్లుతాను. ఈ రోజు పీల్చుకున్నంతా పోసి, మీద ఇంకా పోశాను. శేషగిరప్ప ముగ్గుగొట్టం దించి రెండడుగులు దొర్లించాడు. తడి మట్టి బెజ్జాలకు పట్టింది. పిండి ముద్దకట్టి గొట్టం మొరాయించింది. ఆయన దాన్ని నేలకేసి తట్టాడు, ఇంకా మట్టి పట్టింది.

"చేత్తో ఏయండి పెద్దయ్యా, ఎప్పుడూ ఏసేదే గదా!" అని నేను కిందివాళ్ళ గుంపులోంచి అరిచాను. నా గొంతు గుర్తుపట్టి ఆయన తల తిప్పాడు. ఎవరో పిండి పళ్ళెం అందించారు. జనం చూస్తున్నారు. వేయక తప్పలేదు.

మొదటి గీత అంచున పడింది, బాగానే ఉంది. రెండోదీ సరే. నడుమకు వచ్చేసరికి గీతలు ఏదో గుంట చుట్టూ తిరిగినట్టు వంగాయి. ఆయనకు మాత్రం అన్నీ తిన్నగానే కనిపించి ఉంటాయి. చుక్క పెట్టి నడుము ఎత్తి నవ్వుతూ నిలబడ్డాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది, అది చూసిన ఆనందం నాది.

నేను ముందుకు వెళ్ళి వీపు తిప్పి, చీర నడుము దగ్గర కాస్త కిందికి జరిపి తుంటి గుంటలు చూపించాను. ముసలిదాన్ని, సిగ్గు ఎందుకు? "వాని నోట్లో ఉండేది నా రక్తం! నమ్మకుంటే తల ఎంట్రుక కుదురుతో పీకి పరీక్ష చేయండి. ఎంట్రుక వానిదే!" అన్నాను. పర్వీన్ పెట్టె తెచ్చింది. శేషగిరప్ప వద్దనలేదు, వద్దంటే ఒప్పుకున్నట్టే కదా. ఒక్క వెంట్రుక చాలింది. మచ్చ రెండు వైపులనుంచీ, తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చి కూర్చుని ఉంది.

నమోదు 7. సభ అయిన వారానికి

పంపులు నడుస్తున్నాయి.

సభలో పైవాళ్ళు మెల్లగా మొదలుపెట్టారు. పెద్దమనిషి కదా, ఊరికి ఎంతో చేశాడు కదా, ఆయన ఒక్కడికి సడలిద్దాం అన్నారు. నేను లేచాను.

"రోజూ మీ వాకిండ్లు తడిపేది నేనే. ఎవురెవురింట్లో దారం గాట్లుండాయో నాకి తెలుసు. చెప్పల్లనా?"

సగం మంది నేల చూశారు. శేషగిరప్ప ముగ్గు చూశాక నేను మిగతా వాకిళ్ళు కూడా వంగి చూశాను మరి. మచ్చ లేదని పైనున్నవాళ్ళలో కూడా నడిచూపు చెడుతున్నవాళ్ళు ఉన్నారు. కింద మచ్చ ఉన్నా కళ్ళు చెక్కుచెదరని ముసలివాళ్ళు ఉన్నారు. పర్వీన్ లేచి, ఆ మచ్చ భయాన్ని మాత్రమే చెబుతుంది, జరగబోయేది చెప్పదు అంది. ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే చెవిన పెట్టేవాళ్ళు కారు. తమ వాకిళ్ళ దాకా వచ్చేసరికి అందరి చెవులకూ ఎక్కింది.

చట్టం మారింది. సూది ఇక అందరికీ. కానీ వచ్చేవి కొన్నే కాబట్టి వరుస కట్టాలన్నారు. వరుస ఎలా అని అడిగారు. నేనే చెప్పాను. ఎవరి ముగ్గు ముందు వంకర పోయిందో వాళ్ళు ముందు. దారం పెట్టి దాచుకున్నవాళ్ళకు, తామే ఒప్పుకున్న రోజే మొదటి రోజు; ఒప్పుకోకుండా పట్టుబడ్డవాడు అందరికన్నా చివర.

ఎవరూ కాదనలేకపోయారు. దాచుకున్నవాళ్ళంతా వెనక్కి పోయారు. అందరికన్నా వెనక, పండగనాడు పట్టుబడ్డ శేషగిరప్ప. లింగప్ప మొదటివాళ్ళలో ఉన్నాడు. ఎడమకన్నుకు ఇక ఏమీ చేయలేరు, కుడికంటికి మొన్న సూది పడింది. ఈ రోజు పొద్దున నన్ను వెలుగులోకి లాగి ముఖం చూశాడు. "ముసల్దానివైనావు మే" అన్నాడు. వాడిని కొట్టినంత పని చేసి, వాడి భుజం మీదే ఏడ్చాను.

నమోదు 8. శనివారం

మూడో పంపు నడుస్తోంది. రెండో పంపుకు వాషర్ వచ్చింది, ఇప్పుడు అడిగితే వస్తున్నాయి.

నీడవాడ చట్టం ఇంకా పూర్తిగా పోలేదు, పైవీధి తలుపులు కొంచెం కొంచెంగా తెరుచుకుంటున్నాయి. శేషగిరప్పను మాత్రం కొత్త గడ్డపెద్ద పాత చట్టం ప్రకారమే కిందికి దించాడు. ఆయన్ని నా పంపు గదికే పంపమని నేనే అడిగాను. నన్ను పదహారేళ్ళప్పుడు కూర్చోబెట్టిన ముక్కాలిపీట ఇంకా ఉంది. దాని మీదే కూర్చున్నాడు. పని పెద్దదేమీ కాదు, పంపు చప్పుడు మారితే చెప్పాలి. చూపు అక్కర్లేని పని.

పొద్దున్నే ఆయన ముందు గళ్ళముగ్గు వేస్తాను. ఏం కనబడుతోందో చెప్పమంటాను. మొదట గీతలు వంకర అన్నాడు. తరవాత నడుమ మసక అన్నాడు. ఈ రోజు నడిమి చుక్క కనబడలేదు. వేసి చూపించడం పర్వీన్‌కు నచ్చదు. నాకు నచ్చుతుంది.

ఆమె మొన్న ఒక మాట చెప్పింది. ఈయన వరుస వచ్చేసరికి కళ్ళలో మిగిలేది ఏమీ ఉండదట. ఎవరైనా తమ వంతు ఇస్తే తీసుకోవచ్చట, వరుసలో ఆ వీలు ఉంది. లింగప్పకు వచ్చేవారం రెండో సూది. మెత్తనివాడు కదా, ఆ మాట విని రాత్రంతా నలిగాడు. "ఒక్క వంతు ఇస్తే ఏమైతాది మే? నువ్వు సరే అంటే ఇస్తా" అన్నాడు. తన కన్నుకు అదెంత అపాయమో వాడికి తెలుసు. తెలిసే అన్నాడు.

శేషగిరప్పకూ ఆ సంగతి తెలిసింది. ఈ రోజు పంపు ఆపి నూనె పోస్తున్నప్పుడు, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ముక్కాలిపీట మీదనుంచి లేచి నా దిక్కుగా చేతులు జోడించాడు. చేతులు నాకు కాస్త పక్కగా జోడించాడు, నేను అక్కడ లేను.

"ఓబులా, నిన్ను అడుగుతాండా. లింగప్ప వంతు ఒక్కటి ఇప్పియ్. నా ఒంట్లో ఉండేది నీ రక్తమే గదా."

నేను నూనె డబ్బా మూత బిగించి, చేతులు తుడుచుకుని, ఆయన చేతులు జోడించిన చోటికే వెళ్ళి నిలబడ్డాను. మొక్కు సరిగ్గా నాకే తగలాలి కదా. జాలి వేస్తుందేమో అని నన్ను నేను వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆరేళ్ళప్పుడు నన్ను అడక్కుండానే తీసుకున్నారు. ఈసారి అడిగాడు. ఇవ్వనని చెప్పాను.